ఎర్రమిట్ట పిల్లలకు తొందరెక్కువ

మెంతి నెల, తొమ్మిదో రోజు

కడుపుతో ఉన్న ఆడవాళ్లు అప్పుడప్పుడూ ఏదో ఒకటి రాసి పెట్టాలని సలోమి డాక్టరమ్మ నియమం. వేవిళ్లు, నిద్ర, తిండి, దిగులు, ఏదైనా సరే. నాకు రాయడం కన్నా వాగడం ఇష్టం. కానీ ఎర్రమిట్టలో ఆవిడ మాట కాదన్నవాళ్లు ఇంతవరకూ లేరు. కాబట్టి మొదలుపెడుతున్నాను. పేరు కనకం. పని కోళ్ల గదిలో గుడ్లు పొదిగించడం. ఈ పూట నుంచి గర్భవతిని.

తప్పు. ఈ పూట నుంచి కాదట, ఆరు వారాల నుంచి అట.

పొద్దున వెళ్లగానే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "పోయినసారి నెలసరి ఏ రోజు మొదలైంది?" చెప్పాను. ఆవిడ ఆ తేదీని గోడకున్న యంత్రానికి చెప్పింది. అది గొంతు సవరించుకుని, "ఆరు వారాల గర్భం. కాన్పు బెండ నెల ఇరవయ్యో రోజు" అంది. మా ఊళ్లో నెలలకి కూరల పేర్లు.

నాకు తోడుగా మా అత్తగారు మంగాయమ్మ గారు వచ్చారు. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, మళ్లీ లెక్కపెట్టుకుని, మొహం అదోలా పెట్టారు.

"ఏంటమ్మా నువ్వనేది? ఆరు వారాల కింద మావోడు ఊళ్లోనే లేడు. ఉత్తరాన మంచు దగ్గరున్నాడు. అక్కడ్నించి ఇక్కడికి ఎలా కుదురుద్ది?"

నాకు చెమటలు పట్టాయి. ఏ తప్పూ చెయ్యకుండానే దొంగలా నిలబడ్డాను. డాక్టరమ్మ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వింది.

"కూర్చోండి మంగాయమ్మ గారూ. బిడ్డ మొదలైన రోజు ఎవరి కంటికీ కనపడదు. కనపడేది నెలసరి ఒక్కటే. అందుకని లెక్క అక్కడ్నించి మొదలుపెడతాం. ఆ తర్వాత దాదాపు రెండు వారాలకి గానీ గుడ్డు విడుదల కాదు. ఒకళ్లకి కాస్త ముందు, ఒకళ్లకి కాస్త వెనక. బిడ్డ మొదలయ్యేది అప్పుడే. ఆరు వారాలని యంత్రం అంటే, లోపలున్నదానికి నాలుగు వారాలే."

"మరి మొదటి రెండు వారాలూ?"

"ఊరికే కలిపి ఇచ్చినవి."

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందమ్మా మీ లెక్క!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. తర్వాత నాలుగు వారాలు వెనక్కి లెక్కపెట్టారు. మొహం వెలిగిపోయింది. "ఆ వారం ఇంట్లోనే ఉన్నాడు. దోసకాయ పప్పు చేయించుకు తిన్నాడు కూడా" అన్నారు. దారి పొడుగునా కనపడిన ప్రతివాళ్లకీ ముందు శుభవార్త, ఆ వెనకే దోసకాయ పప్పు సంగతి చెప్పుకుంటూ వచ్చారు.

మెంతి నెల, పదకొండో రోజు

వేవిళ్లు. కోళ్ల గది వాసన ఇదివరకు ముక్కుకే తెలిసేది కాదు, ఇప్పుడు వీధి మలుపులోనే తెలుస్తోంది.

ఈ బిడ్డ ఊరికే రాలేదు. మా ఆయన అబ్బులు మంచుబండి డ్రైవరు. ఉత్తరం నుంచి మంచు తవ్వుకొస్తేనే ఊరికి నీళ్లు. బండి వెళ్లి రావడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది. నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, మళ్లీ బయలుదేరతాడు. ఇలా రెండేళ్లు. మధ్యలో ఒకసారి నిలిచింది. మూడో నెలలో పోయింది. అప్పుడూ ఆయన దారిలోనే ఉన్నాడు. తిరిగొచ్చి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో. లోపలికి రమ్మని నేనే పిలవాల్సి వచ్చింది. ఆ రోజు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఈసారి బిడ్డ పుట్టేటప్పుడు ఆయన పక్కనుండాలి. నాకు కావలసింది అదొక్కటే.

తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి సంగతి విడమరిచి చెప్పింది. గుడ్డు విడుదలయ్యాక బతికేది ఒక్కరోజు. మగవాడిది మాత్రం లోపల నాలుగైదు రోజులు కాచుకుని ఉండగలదు. కాబట్టి గుడ్డు రాకముందు రోజులే ముఖ్యం. ఆ రోజులు దాటాక ఎంత ప్రేమగా ఉన్నా వట్టిదే. నా నెలసరి లెక్క చూస్తే ఆ రోజులన్నీ సరిగ్గా మా ఆయన బండి మీద ఉన్నవే.

అబ్బులు వెళ్లి మంచుబళ్ల పెద్ద బుల్లిరాజు గారిని ఒక వారం ఆలస్యంగా పంపమని అడిగాడు. అదీ ఎప్పుడు? సాయంత్రం ఆగువేళలో, పనులన్నీ ఆపేసి ఊరంతా బజార్లో ఉన్నప్పుడు.

"ఎందుకోయ్?"

"చిన్న పనుందండి, ఆయ్."

"ఏం పని?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయట. చుట్టూ ఉన్నవాళ్లు బజ్జీలు తినడం ఆపేసి చూస్తున్నారట. బుల్లిరాజు గారు కాసేపు మీసం దువ్వుకుని, "సరే, పని బాగా చూసుకో" అన్నారట. ఊళ్లో నాకు తలెత్తుకోవడం పదిరోజులు కష్టమైంది. కానీ పని జరిగింది.

వంగ నెల, ఇరవై రెండో రోజు

భూమ్మీదయితే ఈ పొట్టతో నడుం పట్టేసేదట. ఇక్కడ అంగారకుడి మీద మనుషుల బరువే తక్కువ, పర్వాలేదు. నిచ్చెన మీద పై అరల గుడ్లు తిప్పడం కూడా నేనే చేస్తున్నాను. అత్తగారు చూస్తే చంపేస్తారు.

ఇవాళ బిడ్డను తెర మీద చూపించారు. వేలు నోట్లో పెట్టుకుని ఉంది. "రోజులకి మించి బొద్దుగా ఉంది" అని డాక్టరమ్మ అంది.

"మన పిల్లలు అంతేగా! బొద్దుగా ఉంటారు, వారం ముందే ఊడిపడతారు. ఎర్రమిట్ట పిల్లలకి తొందరెక్కువ" అన్నారు అత్తగారు. ఇది మా ఊరి సామెత. ఊరు కట్టిన ఇరవై ఏళ్లలో చెప్పిన తేదీకి పుట్టిన బిడ్డ లేదు. దాదాపు అందరూ ఒక వారం ముందే. నెలలు నిండలేదని పాపం ఒక్కొక్కళ్లనీ వారం పాటు వెచ్చటి దీపం పెట్టెలో పెడతారు. బుల్లిరాజు గారబ్బాయి అలా ముందే పుట్టి నాలుగు కిలోలున్నాడు. ఆయన ఆ ముక్క చెప్పని పెళ్లిపందిరి లేదు.

కాకర నెల, ఇరవయ్యో రోజు

ఇవాళ గుండెల్లో రాయి పడింది. బళ్ల తేదీలు వేశారు. నీళ్లు కాస్త నిల్వ ఉన్నాయని ఈసారి నాలుగు రోజులకే పంపడం లేదు, అబ్బులు వచ్చే నెల ఒకటిన బయలుదేరాలి. పద్దెనిమిదిన తిరిగి రావాలి. యంత్రం చెప్పిన కాన్పు ఇరవైన. కాగితం మీద చూస్తే రెండు రోజులు మిగులు కూడా.

"బిడ్డ వారం ముందొస్తే?" అన్నాను.

అబ్బులు లేచాడు. చెప్పులు తొడుక్కుని సరాసరి బుల్లిరాజు గారి దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

"అప్పుడేమో మొదలుపెట్టడానికి సెలవన్నావు. ఇప్పుడు ముగించడానిక్కూడా సెలవా?" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గానీ తల మాత్రం అడ్డంగానే ఊపారు. "ఉన్నది ఇద్దరు డ్రైవర్లు. ఒకడికి చెయ్యి విరిగింది. యంత్రం ఇరవై అంది, నేను పద్దెనిమిదికి తెస్తున్నాను. ఇంకేం కావాలి? సామెతల్ని నమ్మి బళ్లు నడిపితే ఊరు దాహంతో చస్తుంది."

డాక్టరమ్మని అడిగితే ఆవిడా అంతే. "తేదీ అనేది అంచనా కనకం. కొందరు ముందు, కొందరు వెనక. మనవాళ్లు ముందే వస్తున్నారు, నిజమే. కారణం తెలియకుండా నేనేమని చెప్పను?"

ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. అత్తగారు పక్కన కూర్చుని, "కడుపుతో ఉన్నమ్మ కనక మానుద్దా, వాడుంటే ఏంటి, లేకపోతే ఏంటి, నేను లేనా" అన్నారు. ఆ తర్వాత ఆవిడా కళ్లొత్తుకున్నారు.

కాకర నెల, ఇరవై రెండో రోజు

ఇవాళ సంతోషంతో రాస్తున్నాను.

సంగతి ఇదీ. నాకు కారణం కావాలి. కారణం లేనిదే ఎవరూ కదలరు. మనుషుల సంగతి నాకు తెలియదు, తెలిసింది కోళ్లే. నిన్నా ఇవాళా వాటి మధ్యనే కూర్చుని ఆలోచించాను. మా కోడిపిల్లలదీ ఇదే వరస. ఇరవై ఒక్క రోజులకి పిల్ల రావాలి. ఎప్పుడూ ఒక పూట ముందే ముక్కుతో పొడుస్తుంది. ఇక్కడి కోళ్లకి తొందరని నేనే నవ్వుకునేదాన్ని. బాతు గుడ్లకి ఇంకో వారం ఎక్కువ పడుతుంది. అవి పూటకంటే ఇంకా కాస్త ముందే వస్తాయి. కోడికి తొందర, బాతుకి ఇంకా తొందర, మనిషికి వారం తొందర. ఎక్కువ కాలం మోసినవాళ్లకి ఎక్కువ తొందరేంటి? దాన్ని తొందర అంటారా?

అంతలో ఆరు గంటల గంట కొట్టారు. ఆగువేళ.

ఇది చదివేవాళ్లు ఏ ఊరివాళ్లో నాకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. అంగారకుడి మీద రోజు భూమి రోజు కన్నా నలభై నిమిషాలు పొడుగు. మా పెద్దవాళ్లు తెచ్చుకున్న గడియారాలు మార్చడానికి ఒప్పుకోలేదు. సాయంత్రం ఆరింటికి గంట కొట్టి ఊళ్లో గడియారాలన్నీ ఆపేస్తారు. ఆ నలభై నిమిషాలూ ఎవరి లెక్కలోనూ ఉండవు. ఎవరూ పని ముట్టుకోరు. బజార్లో బజ్జీలు, చదరంగం, సరసాలు, తగువులు. మళ్లీ గంట కొడితే గడియారం ఆరు నుంచి నడుస్తుంది. నేను పుట్టింది ఇలాంటి ఊళ్లోనే. కాబట్టి ఆ వేళ గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

అందరూ బజారుకి పోయారు. నేను ఏడ్చిన కళ్లతో ఎవరి ముందుకీ వెళ్లలేక గుడ్ల దగ్గరే ఉండిపోయాను. గోడ గడియారం ఆరు దగ్గర నిలబడింది. గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో మూడో అరలో ఒక గుడ్డు టక్, టక్ మంది. దగ్గరికెళ్లి చూస్తే చిన్న పగులు. ఆ పగులు నా కళ్ల ముందే పెద్దదవుతోంది.

గడియారం ఆగింది. గుడ్డు ఆగలేదు!

రోజూ నలభై నిమిషాలు అది లెక్క లేకుండా పెరుగుతోంది. ఇరవై రోజులకి ఒక పూట అవుతుంది. మరి తొమ్మిది నెలలకి?

వేళ్లు చాలక గుడ్ల పెట్టె మీద సుద్దముక్కతో వేశాను. వారం పైన కాస్త వచ్చింది.

కాకర నెల, ఇరవై మూడో రోజు

పొద్దున్నే డాక్టరమ్మ తలుపు కొట్టాను. ఆవిడ పళ్లు తోముకుంటోంది. నోట్లో నురగతోనే మొత్తం విన్నది.

"అది యంత్రం కలుపుకుంటుంది కదా కనకం" అంది.

"కలుపుకుంటుందా అమ్మా?"

ఆవిడ యంత్రం దగ్గరికెళ్లి అడిగింది. డాక్టరుగారు కలుపుకుంటారని అది అనుకుంటోందట! దాని లెక్క భూమి రోజులది, దాని గడియారం ఊరి గంటతో ఆగేది. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకరి మీద ఒకరు భారం వేసి హాయిగా ఉన్నారు.

డాక్టరమ్మ ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూలబడింది. "ఎంతమందిని పెట్టాను కనకం ఆ దీపం పెట్టెలో? నిండు నెలల పిల్లల్ని. తల్లుల దగ్గర్నించి తీసి..." అంది. నేను వెళ్లి ఆవిడ భుజం పట్టుకున్నాను.

కొత్త లెక్క ప్రకారం కాన్పు బెండ నెల పన్నెండు ప్రాంతం. "ఇదీ అంచనాయే" అని పదిసార్లు చెప్పింది. "నీకూ అబ్బులుకీ కుదిరిన రోజులు తెలుసు కాబట్టి మొదలైన వారం మనకి గట్టిగా తెలుసు. అదొక్కటే మన అదృష్టం. అయినా బిడ్డ దాని ఇష్టం."

అందరం కలిసి బుల్లిరాజు గారింటికి వెళ్లాం. డాక్టరమ్మే చెప్పింది. ఆయన మీసం దువ్వుకోవడం మధ్యలో ఆపేశారు.

"అంటే మావాడు ముందు పుట్టలేదా?"

"సరిగ్గా టైముకే పుట్టాడు బాబూ" అన్నారు మా అత్తగారు. "వాడు ఇప్పటిదాకా టైముకి చేసిన పని అదొక్కటే."

అబ్బులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బుల్లిరాజు గారు నవ్వలేదు. కిటికీ వైపు తిరిగారు.

"వారం రోజులు వాడిని పెట్టెలో పెట్టారు. అద్దం బయట నిలబడి చూశాను. మా ఆవిడ పాలు కూడా గిన్నెలో పట్టి పంపింది. ముట్టుకోనివ్వలేదు. వీడు గట్టివాడు, ముందే వచ్చి కూడా నాలుగు కిలోలని అందరికీ చెప్పుకుని ఆ వారం మర్చిపోయాను." డాక్టరమ్మ వైపు చూశారు. "అవసరమే లేదన్నమాట."

"క్షమించండి" అంది డాక్టరమ్మ.

ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, అబ్బులు వైపు తిరిగారు. "బండి చార్జింగు రాత్రికల్లా అయిపోవాలి. రేపు పొద్దున్నే బయలుదేరు. ఒకటో తారీకు దాకా ఆగక్కర్లేదు. రేపు పోతే పన్నెండున దిగుతావు. దారిలో ఎక్కడా టీ కోసం ఆగకు."

"ఆగనండి, ఆయ్."

బెండ నెల, పదకొండో రోజు

రేడియోలో అబ్బులు గొంతు. రేపు సాయంత్రానికి వచ్చేస్తాడట. "నేను వచ్చేదాకా దాన్ని ఆగమను" అన్నాడు. "నీ కూతురో కొడుకో, మాట వింటే కదా" అన్నాను. పొద్దుట్నించీ నడుం లాగుతోంది. ఆయనకి చెప్పలేదు, బండి తోలేవాడికి చెప్పే మాట కాదని. అత్తగారికి చెప్పాను. ఆవిడ మూడు పూటలు వాయిదా వేసిన ఉల్లిగారెలు ఇవాళే వండేశారు. ఎందుకని అడిగితే రేపు ఖాళీ ఉండదన్నారు.

బెండ నెల, పదిహేనో రోజు

మూడు రోజులు రాయడం కుదరలేదు. ఇప్పుడు పాలు తాగుతూ పక్కలోనే నిద్రపోయింది కాబట్టి ఒక చేత్తో రాస్తున్నాను.

పన్నెండున మధ్యాహ్నం నొప్పులు ఎక్కువయ్యాయి. నేను సలోమి డాక్టరమ్మ చెయ్యి విరగ్గొట్టేంత పనిచేశాను. "వచ్చాడా?" అని అడగడం, నొప్పి రావడం, మళ్లీ అడగడం. ఇదే పని. సాయంత్రానికి బయటెవరో అరిచారు. మంచుబండి ఊరి ద్వారం బయట ఆగిందట.

అదే క్షణాన ఆరు గంటల గంట కొట్టారు.

ఆగువేళలో ద్వారం తియ్యరు. పురిటికీ చావుకీ తప్ప దేనికోసమూ ఆగువేళని చెడగొట్టరు. ద్వారానికున్న రెండు పిడుల్నీ ఇద్దరు పట్టి తిప్పాలి. కాపలావాళ్లు గంట వినగానే పిడులు వదిలేసి బజ్జీల దగ్గరికి పోతారు. ఊరు పుట్టినప్పట్నించీ ఇదే. అటువైపు మా ఆయన, ఇటువైపు నేను, మధ్యన నలభై నిమిషాలు. నేను గట్టిగా ఏడ్చేశాను. నొప్పికి కాదు.

అత్తగారు లేచారు. చీర కొంగు బిగించి, "ఇది పురుడు కాదా? ఎవడు తియ్యడో చూస్తా" అని వెళ్లిపోయారు.

తర్వాతిది ఆవిడ చెప్పగా విన్నాను. ఆవిడ పరిగెత్తుకెళ్లేసరికి ఒక పిడి దగ్గర అప్పటికే బుల్లిరాజు గారున్నారట. గంట ఒక్క నిమిషం ఆలస్యమైతే ఊరంతా లేపే మనిషి! చొక్కా చేతులు మడిచి, రెండో పిడి వైపు చూసి, "ఎవరన్నా ఒకళ్లు రండి" అని అరుస్తున్నారట. "నేనున్నా, పట్టు" అన్నారట అత్తగారు. ఊరంతా బజ్జీలు చేత పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తుండగా ఇద్దరూ తిప్పారు.

అబ్బులు మంచు బట్టలతోనే వచ్చాడు. టోపీ ఇంకా నెత్తినే ఉంది. ఈసారి గుమ్మంలో నిలబడలేదు. నేరుగా వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"వచ్చావా?"

"వచ్చేశా కనకం."

చేతులు ఐసులా ఉన్నాయి. అవే పట్టుకున్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది అరుపులు. అందులో ఎక్కువ నావే. చివరిది మాత్రం నాది కాదు. సన్నగా, కోపంగా ఉంది.

ఆడపిల్ల. నిండుగా, గోళ్లు పెరిగి, జుట్టుతో. అప్పుడు మళ్లీ గంట కొట్టారు. గడియారం ఆరు నుంచి కదిలింది.

"పుట్టిన వేళ?" అంది యంత్రం.

"ఆరు" అంది డాక్టరమ్మ.

"తండ్రి వచ్చిన వేళ కూడా అడిగితే ఆరే చెప్పండి" అన్నారు బుల్లిరాజు గారు తలుపు దగ్గర్నించి. నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు. యంత్రం ఇంకేదో గొణిగింది. డాక్టరమ్మ దాని వైపు తిరిగి చూడను కూడా లేదు.

అబ్బులు బిడ్డను చూస్తున్నాడు. ముట్టుకోవడం లేదు. చేతులు చల్లగా ఉన్నాయని రెండు చంకల్లోనూ పెట్టుకుని వెచ్చబెట్టుకుంటున్నాడు. మూలనున్న దీపం పెట్టె వైపు ఒకసారి చూసి, "దాంట్లో పెట్టాలా?" అని అడిగాడు.

"వద్దోయ్" అన్నారు బుల్లిరాజు గారు, డాక్టరమ్మ కన్నా ముందే. గుమ్మం దాటి లోపలికొచ్చి, అబ్బులు రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా రుద్దారు. "వెచ్చబడ్డాయి. ఎత్తుకో. వారం రోజులు దించకు."

మా ఆయన ఎత్తుకున్నాడు. ఇప్పటికి మూడు రోజులు. పాలకి తప్ప నా చేతికివ్వడం లేదు.